ఆ ఐదు వందల రూపాయల రశీదు

నల్లగొండ

ప్రియమైన రాఘవా,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. నువ్వు మీ బాబాయి ట్రంకుపెట్టె సర్దుతుంటే పాత పట్టాదారు పాసుపుస్తకంలో 1996 నాటి ఎన్నికల డిపాజిట్ రశీదు దొరికిందని రాశావు. ఐదు వందల రూపాయలకు. "బాబాయి ఎంపీగా పోటీ చేశాడా? ఆయనకు రాజకీయాల మీద మోజు ఎప్పుడు పుట్టింది? ఇంట్లో ఎవరికీ చెప్పలేదేమిటి?" అని అడిగావు. ఆ ప్రశ్నలు చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటికే నువ్వు విశాఖలో ఉద్యోగంలో చేరిపోయావు. నేను ఇక్కడే బడిలో పాఠాలు చెప్పుకుంటూ అన్నీ కళ్లారా చూశాను. కాబట్టి ఈ సంగతి నీకు చెప్పవలసింది నేనే.

ఆయనకు రాజకీయాల మీద ఏ మోజూ లేదు. ఆయన మెడ నీకు గుర్తుందా? ఎవరైనా వెనుక నుంచి పిలిస్తే తల ఒక్కటే తిప్పలేక మనిషి మొత్తం తిరిగేవాడు. నలభై ఏళ్లకే కర్ర పట్టాడు. మనం చిన్నప్పుడు అది వాతం అనుకున్నాం. అది మీ ఊరి బావినీళ్లు చేసిన పని. ఆ రశీదు కూడా ఆ నీళ్ల కథలోదే. కానీ అక్కడి నుంచి మొదలుపెడితే నీకు సగమే అర్థమవుతుంది. నల్లగొండలో ఓటు అంటే ఏమిటో తెలియాలంటే ఇంకా వెనక్కి, 1952 దాకా పోవాలి.

ఆ మొదటి సాధారణ ఎన్నికలు వచ్చేనాటికి మన జిల్లా ఎలా ఉందో మీ నాయనమ్మ చెప్పగా మనిద్దరం విన్నాం. వెట్టి, దొరల గడీలు, రజాకార్లు, ఆ తరువాత సైన్యం. కమ్యూనిస్టులు సాయుధ పోరాటాన్ని విరమించింది 1951 అక్టోబరులో. అంటే తుపాకి దించిన కొద్ది నెలలకే ఓటుపెట్టె వచ్చింది. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉంది గనుక పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో పోటీ చేశారు. నల్లగొండ లోక్‌సభ స్థానానికి నిలబడిన రావి నారాయణరెడ్డికి 3,09,162 ఓట్లు వచ్చాయి. అదే ఎన్నికలో జవహర్‌లాల్ నెహ్రూకు వచ్చినవి 2,33,571. దేశం మొత్తంలో అత్యధిక ఓట్లు మన నల్లగొండ మనిషివి!

దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లు ఉన్నారు. నల్లగొండ ద్విసభ్య నియోజకవర్గం, ఒక్కో ఓటరుకు రెండు ఓట్లు, అందుకే అంత సంఖ్య వచ్చిందని అంటారు. నల్లగొండ ద్విసభ్య స్థానమే, అది నిజం. కానీ నెహ్రూ గెలిచిన అలహాబాద్ తూర్పు, జౌన్‌పూర్ పడమర స్థానం కూడా ద్విసభ్య స్థానమే కదా! ఈ మాట ఎవరూ చెప్పరు. నేను మాత్రం పదో తరగతి పిల్లలకు ఏటా చెప్పేవాణ్ణి. నిన్నటిదాకా దొర ముందు చెప్పులు విప్పి చేతపట్టుకుని నడిచిన మనుషులు వేసిన ఓట్లవి. పక్కనే ఆలేరు నుంచి ఆరుట్ల కమలాదేవి శాసనసభకు వెళ్లింది. పోరాటంలో తిరిగిన ఆడమనిషిని జనమే సభకు పంపారు.

1957లో దేవులపల్లి వెంకటేశ్వరరావు గెలిచాడు. 1962లో మళ్లీ రావి నారాయణరెడ్డి. 1967లో కాంగ్రెస్ నుంచి యూనస్ సలీం. 1971లో ప్రత్యేక తెలంగాణ గాలి వీచి, తెలంగాణ ప్రజా సమితి ఈ ప్రాంతంలోని 14 స్థానాల్లో 10 గెలిచినప్పుడు నల్లగొండ నుంచి కంచర్ల రామకృష్ణారెడ్డి వెళ్లాడు. తరువాత రెండుసార్లు కాంగ్రెస్, 1984లో తెలుగుదేశం, 1989లో మళ్లీ కాంగ్రెస్. ఈ ఏళ్లన్నింటిలో నాకు చెప్పాలనిపించే విషయం గెలిచినవాళ్ల పేర్లలో లేదు. నీళ్లలో ఉంది.

1955 డిసెంబరు 10న నెహ్రూ వచ్చి నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశాడు. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ మన జిల్లాలోనే మొదలవుతుంది. మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పచ్చబడ్డాయి. రెండు పంటల వరి, రైసుమిల్లులు, పిల్లల చదువులు, అన్నీ వచ్చాయి. మరి మునుగోడు, మర్రిగూడ, చండూరు, దేవరకొండ? అవి మెరకలో ఉన్నాయి. కాలువ నీరు ఎత్తుకు ఎక్కదు. కృష్ణ మన జిల్లా అంచునే పోతుంది, డ్యాము మన జిల్లాలోనే ఉంది, అయినా ఆ ఊళ్లకు దిక్కు బావులూ బోర్లే. నేల కింద ఉన్నది గ్రానైటు రాయి. ఆ రాతిలోని ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగకూడదంటారు. వేరే నీళ్లే లేనివాడు ఏం చేస్తాడు? ముందు పళ్లకు గార పట్టినట్లు మచ్చలు పడతాయి. తరువాత కీళ్లు బిగుసుకుంటాయి. పిల్లల కాళ్లు వంకర తిరుగుతాయి. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి శాస్త్రవేత్తలు ప్రపంచమంతటా 'నల్లగొండ పద్ధతి' అనే పేరు పెట్టారు. మన ఊరి పేరు శాస్త్ర గ్రంథాల్లోకి ఎక్కిందని గర్వపడాలో ఏడవాలో నాకు ఈనాటికీ తెలియదు.

ఇక మీ బాబాయి సంగతి. బ్యాంకు ఉద్యోగం వదిలేసి వచ్చిన దుశర్ల సత్యనారాయణ జల సాధన సమితి పెట్టి ఊరూరా తిరిగాడు. ధర్నాలు, పాదయాత్రలు, వినతిపత్రాలు, అన్నీ అయ్యాయి. శ్రీశైలం ఎడమగట్టు కాలువ తవ్వండి, కృష్ణ నీళ్లు మెరకకు ఎక్కించండి అన్నదే వాళ్ల కోరిక. ఎవరూ వినలేదు. అప్పుడు పుట్టింది ఆ ఆలోచన: 1996 లోక్‌సభ ఎన్నికలో వందలమంది నామినేషన్లు వేయడం. డిపాజిట్ ఐదు వందలే, ప్రతిపాదించడానికి ఒక్క ఓటరు చాలు. రైతులు చందాలు వేసుకుని మరీ డిపాజిట్లు కట్టారు. మీ బాబాయి మేకను అమ్మాడు. నాకు తెలుసు, ఎందుకంటే దాన్ని కొన్నది మా మేనమామ. "గెలవడానికి వేయడం లేదు. మన నీళ్ల గోస ఢిల్లీ దాకా పోవాలంటే ఇంకో తోవ ఏముంది?" అన్నాడు నాతో. ఇంట్లో ఎందుకు చెప్పలేదంటావా? మీ పిన్ని ఆ మేకను పిల్ల పెళ్లి కోసం పెంచుతోంది. అంతకంటే నేను రాయలేను.

చివరికి బరిలో మిగిలినవాళ్లు 480 మంది. ఇందరికి గుర్తులు ఎక్కడివి? బ్యాలెట్ ఒక కాగితం మీద పట్టక పుస్తకంలా వేయవలసి వచ్చింది. దానికి సమయం చాలక పోలింగ్ వాయిదా పడింది. వాయిదా పడిన ఆ ఎన్నికలో నాకు పోలింగ్ డ్యూటీ పడింది. ఆ రోజు ఇప్పటికీ కళ్లముందే ఉంది. ఒక ముసలమ్మ బ్యాలెట్ చేతిలో పట్టుకుని ఒక్కో పేజీ తిప్పుతోంది. వెనుక వరుస పెరిగిపోతోంది. ఎవరూ విసుక్కోలేదు. కొందరు తమ మనిషి పేరు ఏ పేజీలో ఉందో ముందే అడిగి తెలుసుకుని వచ్చారు. మీ బాబాయి కర్ర తలుపు దగ్గర ఆనించి లోపలికి వచ్చాడు. తన పేరు అచ్చులో చూసుకుని, ముద్ర మాత్రం ఇంకెవరికో వేసి ఉంటాడని నా అనుమానం. ఎందుకంటే బయటికి వస్తూ "భిక్షం గెలవాలి" అన్నాడు.

ఆయన కోరుకున్నట్లే సూర్యాపేటకు చెందిన గీత కార్మికుల నాయకుడు, సీపీఐ నుంచి నిలబడిన బొమ్మగాని ధర్మభిక్షం వరుసగా రెండోసారి గెలిచాడు. డిపాజిట్ దక్కింది ముగ్గురికే. తక్కిన 477 మందిలో మీ బాబాయి ఒకడు. ఆ రశీదు మీద డబ్బు తిరిగి రాలేదంటే కారణం అది.

అయితే ఆ డబ్బు ఊరికే పోలేదు. దేశమంతా నల్లగొండ పేరు పత్రికల్లోకి ఎక్కింది, ఫ్లోరైడ్ అనే మాట తెలియనివాళ్లకు తెలిసింది. ఇంకో పని కూడా జరిగింది, అది నాకు మింగుడుపడదు. ఆ ఏడాదే చట్టం మార్చారు. లోక్‌సభ డిపాజిట్ ఐదు వందల నుంచి పదివేలకు పెంచారు, స్వతంత్రులకు పదిమంది ప్రతిపాదకులు ఉండాలన్నారు. 1996లో దేశమంతటా 13,952 మంది పోటీ చేస్తే 1998లో 4,750 మందే మిగిలారు. ఇప్పుడు డిపాజిట్ 25 వేలు. ఎన్నికల నిర్వహణ కష్టమేనని నేనూ ఒప్పుకుంటాను, ఆ కష్టం పడినవాణ్ణి. కానీ మేకను అమ్ముకుని నిలబడినవాడికి ఆ తలుపు మూసేశారు రాఘవా. నీళ్లిచ్చి ఉంటే వాళ్లు నామినేషనే వేసేవారు కాదు.

అయినా 2019లో నిజామాబాద్‌లో పసుపు, ఎర్రజొన్న రైతులు ఆ 25 వేలూ కట్టి నిలబడ్డారు. పార్టీలవాళ్లతో కలిపి బరిలో మొత్తం 185 మంది! ఒక్కో బూత్‌లో డజను ఓటింగ్ యంత్రాలు పేర్చవలసి వచ్చింది. ఆ రోజు టీవీలో ఆ వరుస చూసి మీ బాబాయి నవ్విన నవ్వు నీకు చూపించాలని ఉంది.

మన స్థానం సంగతి అడిగావు కదా. 1998లోనూ 2004లోనూ సురవరం సుధాకర్‌రెడ్డి గెలిచాడు. ఆ తరువాత ఎర్రజెండా ఇక్కడి నుంచి లోక్‌సభకు పోలేదు. 2009 నాటికి హద్దులు మారాయి, భువనగిరి వేరే స్థానమైంది. రావి నారాయణరెడ్డి పుట్టిన బొల్లేపల్లి ఇప్పుడు అటువైపే ఉంది. 2009 నుంచి ఇక్కడ వరుసగా కాంగ్రెస్సే. 2019లో ఉత్తమ్ కుమార్ రెడ్డి పాతికవేల ఓట్ల తేడాతో గట్టెక్కితే, 2024లో కుందూరు రఘువీర్ రెడ్డికి 5 లక్షల 59 వేలకు పైగా మెజారిటీ వచ్చింది.

నీళ్లా? వచ్చాయి, చాలా ఊళ్లకు. సాగర్ నుంచి ఎత్తిపోసే నీళ్లు కొంత మేలు చేశాయి. ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్‌ను మన చౌటుప్పల్‌లోనే పెట్టారు, ఇప్పుడు కుళాయిల్లో కృష్ణ నీళ్లే వస్తున్నాయి. ఈనాటి పిల్లల పళ్లు తెల్లగా ఉంటే బడిలో వాళ్లను నవ్వమని అడిగి మరీ చూసేవాణ్ణి. కానీ జల సాధన సమితి అడిగిన ఆ శ్రీశైలం కాలువకు నీళ్లు తేవలసిన సొరంగం, దాదాపు 44 కిలోమీటర్లది, ఇంకా పూర్తికాలేదు. 2025 ఫిబ్రవరిలో పైకప్పు కూలి 8 మంది కార్మికులు లోపల చిక్కుకున్నప్పుడు రోజుల తరబడి రేడియో ముందే కూర్చున్నాను. ఎక్కడెక్కడి నుంచో పని కోసం వచ్చినవాళ్లు. మన నీళ్ల కోసం పోయారు.

ఆ రశీదు మడత విప్పితే చిరిగిపోతుందేమో, జాగ్రత్తగా గాజు వెనుక పెట్టించు. పై నెలలో చెల్లెమ్మను చూడటానికి వస్తున్నాను కదా, అప్పుడు దాన్ని ఒకసారి చేత్తో పట్టుకుంటాను. మీ పిన్నికి మాత్రం మేక సంగతి నేను వచ్చాకే చెబుదాం.

నీ
శ్రీను