పిల్లల పళ్లకు సీలెంట్ వేయించేటప్పుడు బీపీఏ సంగతి
అందరికీ నమస్కారం. దవడపళ్ల గాడుల్లో పుచ్చు పట్టకుండా వేసే పూత, అంటే సీలెంట్‌లో బీపీఏ (బిస్ఫినాల్-ఎ, ప్లాస్టిక్ తయారీలో వాడే రసాయనం, హార్మోన్ల మీద ప్రభావం చూపుతుందేమోనని భయం) ఉంటుందా అని చాలామంది అడుగుతున్నారు. నేరుగా కలపరు. అయితే సీలెంట్‌లో వాడే బిస్-జీఎంఏ అనే రెజిన్ (లైటుతో గట్టిపడే జిగట పదార్థం) తయారయ్యేదే దాంతో కాబట్టి, ఎక్కడో కాస్త మిగిలిపోవచ్చు. బిస్-డీఎంఏ అనే మరో రెజిన్ ఉన్న రకమైతే లాలాజలంలోని ఎంజైములే దాన్ని విడగొట్టి బీపీఏ పుట్టిస్తాయి. కాబట్టి డాక్టర్‌గారిని "బిస్-డీఎంఏ ఉందా?" అని అడగండి. "బీపీఏ ఉందా?" అంటే లేదనే జవాబు రావచ్చు, అది అబద్ధమూ కాదు!

అసలు చూడాల్సింది పై పొర. సీలెంట్ గట్టిపడటానికి నీలి లైటు పెట్టినా, గాలి తగిలే పైభాగం పూర్తిగా గట్టిపడదు. ఆక్సిజన్ అడ్డుపడి జిగటగా ఉండిపోతుంది. బీపీఏ నోట్లోకి వచ్చేది ఎక్కువగా అక్కణ్నుంచే, అదీ మొదటి కొన్ని గంటల్లోనే. లైటు తీయగానే ప్యూమిస్ పొడి అద్దిన దూదితో ఆ పొరను తుడిచేయమనండి. తర్వాత బిడ్డ 30 సెకన్లు పుక్కిలించి ఉమ్మాలి, మింగకూడదు. పుక్కిలించడం రాని పిల్లలకు నీళ్లు చిమ్మి సక్షన్‌తో లాగేస్తారు.

భయపడి సీలెంటే మానేస్తే లాభం లేదు. పన్ను పుచ్చితే పంటి రంగు ఫిల్లింగ్‌లో ఇదే రకం రెజిన్ ఇంకా ఎక్కువ పడుతుంది.

సీలెంట్‌లోనే మరో రకం గ్లాస్ అయానమర్. మామూలు గ్లాస్ అయానమర్‌లో ఈ రెజిన్ ఉండదు, కొంచెం తడి ఉన్నా పట్టుకుంటుంది. కానీ త్వరగా ఊడుతుంది, 6 నెలలకోసారి చూపించుకోవాలి. "రెజిన్ మాడిఫైడ్" అని ఉంటే అది వేరే సరుకు, అందులో రెజిన్ కలుస్తుంది.