పొగ అలారాల విషయమై నాన్నగారికి

నాన్నగారికి, అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ నేను కులాసాగా ఉన్నాను. ఉద్యోగం ఎప్పటిలాగే సాగుతోంది. నేను పంపిన పొగ అలారాలు ఇంకా పెట్టెలోనే ఉన్నాయని అమ్మ చెప్పినప్పటి నుంచి నా మనసు స్థిమితంగా లేదు.

కాలిన వాసన వస్తే మెలకువ రాదా అని మీరు అన్నారట. మీకు ఎదురు చెప్పాలని కాదు గాని నాన్నగారూ, గాఢనిద్రలో ఉన్న మనిషిని వాసన లేపుతుందని నమ్మడానికి లేదు. పైగా మంటల్లో పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనే ఉండదు. అది మనిషిని మత్తులోకి నెట్టి, లేవగలిగే శక్తిని కూడా లాగేస్తుంది. అందుకే ఇంతగా బతిమాలుతున్నాను.

వంటగదిలో ఒకటి పెడితే సరిపోతుందన్న ఆలోచన దయచేసి మానుకోండి. అక్కడ పెడితే అది అయినదానికీ కానిదానికీ మోగుతుంది, చివరికి ఎవరో ఒకరు విసిగిపోయి ఊడదీస్తారు. పొయ్యికి కనీసం 10 అడుగుల దూరం ఉండాలి. వంటగదికి వేడిని పసిగట్టే అలారం వేరే ఉంది, అది తరువాత పంపుతాను. ఇవి మాత్రం మనుషులు పడుకునే చోట ఉండవలసినవి: ప్రతి పడకగదిలో ఒకటి, గదుల బయట నడవలో ఒకటి, మేడమీద ఒకటి. నడవలోది చాలదా అంటారేమో; తలుపు వేసుకుని పడుకున్నవారికి బయటి మోత సగమే వినిపిస్తుంది, గదిలోనే నిప్పు రాజుకుంటే పొగ నడవకు చేరేసరికి ఆలస్యమవుతుంది.

పొగ పైకి లేస్తుంది కనుక సీలింగుకు బిగించడమే మేలు. అయితే గోడా సీలింగూ కలిసే మూలలో గాలి సరిగా ఆడదు కాబట్టి, గోడ నుంచి కనీసం 4 అంగుళాలు ఎడం ఉంచమని తమ్ముడికి చెప్పండి. మీ గదిలో ఫ్యాను రెక్కల చివర నుంచి 3 అడుగులు వదలాలి, లేకపోతే ఆ గాలికి పొగ అలారం దాకా చేరకుండా చెదిరిపోతుంది. స్నానాలగది తలుపు దగ్గర కూడా వద్దు, ఆవిరికి మోగుతుంది. అలారం లోపల ఒక చిన్న నల్లటి అర, అందులో ఒక కాంతి కిరణం ఉంటాయి; పొగ రేణువులు ఆ కాంతిని చెదరగొట్టినప్పుడే అలారం మోగుతుంది. ఆవిరీ, దుమ్మూ కూడా అదే పని చేస్తాయి కనుక అప్పుడప్పుడు పైపైన దుమ్ము దులపాలి. ఇంటికి రంగులు వేయించేటప్పుడు దానిమీద చుక్క కూడా పడనివ్వకండి.

మీరు మాత్రం నిచ్చెన ఎక్కవద్దు. మీ మోకాళ్ల సంగతి నాకు తెలుసు. ముందు వెనకపళ్లేన్ని స్క్రూలతో బిగించి, అలారాన్ని దానికి ఆనించి తిప్పితే కూర్చుంటుంది. అంతా తమ్ముడే చేస్తాడు.

బామ్మకు వినికిడి తక్కువ కదా, ఆమె కోసం దిండు కింద పెట్టుకుంటే అదిరి లేపే పరికరం చూస్తున్నాను. అది వచ్చేదాకా అమ్మను ఆ గదిలోనే పడుకోమనండి.

నెలకోసారి బటన్ నొక్కి చూడాలి. ఏ మోతా లేనప్పుడు ఉండి ఉండి కిచుక్కుమంటే బ్యాటరీ అయిపోవచ్చిందని అర్థం. వెనక అచ్చువేసిన తయారీ తేదీ నుంచి 10 ఏళ్లు నిండితే, బాగానే మోగుతున్నా, మార్చేయవలసిందే.

బిగించిన రోజున అందరినీ తమ తమ పడకల మీద ఉండమని, తలుపులు వేసి బటన్ నొక్కించండి. ఎవరికి ఎంత వినబడిందో తమ్ముణ్ణి వివరంగా రాయమనండి. పిల్లలు నిద్రలో ఆ మోతకు లేవకపోవచ్చు కనుక, వాళ్లను ఎవరు ఎత్తుకుని బయటికి తేవాలో కూడా ముందే అనుకుని ఉంచండి.

మీ కుమార్తె