భూ విచారణలు వలస జనం ఊళ్లో ఉన్నప్పుడే జరగాలి

మాన్య సంపాదకులకు,

తెలంగాణ కొత్త భూరికార్డుల చట్టం భూభారతి 2025 ఏప్రిల్ 14న మొదలైనప్పటి నుంచి, పోర్టల్ ఎలా ఉండాలి, తప్పులు సరిదిద్దే అధికారం తహసీల్దారుకు ఉండాలా, ఆర్‌డీఓకు ఉండాలా అన్న చర్చ విస్తారంగా సాగుతోంది. ఆ తప్పులపై విచారణ ఏ నెలలో జరగాలన్నది మాత్రం ఎవరూ అడగడం లేదు. మక్తల్, కోస్గి, నారాయణపేట, దేవరకొండ ప్రాంతాల పేద రైతులకు అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న అదే.

2017లో భూరికార్డుల ప్రక్షాళన సెప్టెంబరు 15న మొదలై డిసెంబరు నెలాఖరుకు ముగిసింది. దసరా, దీపావళి దాటాక పాలమూరు పల్లెల నుంచి కూలీలు ముంబై, పుణె, బెంగళూరు దారి పడతారన్నది అందరికీ తెలిసిన విషయమే. అంటే ప్రక్షాళనలో సగం కాలం, తమ పొలం గురించి చెప్పుకోవలసిన మనుషులు ఊళ్లో లేని కాలం. 2020 అక్టోబరు 29న ప్రారంభమైన ధరణి భూరికార్డుల పోర్టల్‌కు ఆ రికార్డే ఆధారమైంది. అదే సమయంలో గ్రామ రెవెన్యూ అధికారి (వీఆర్‌ఓ) వ్యవస్థ రద్దయింది, రికార్డులో భూమి ఎవరి సాగులో ఉందో చెప్పే అనుభవదారు కాలమ్ లేకుండా పోయింది. వాన పడ్డాక తిరిగొచ్చిన రైతు, తన సర్వే నంబరులో విస్తీర్ణం తగ్గిందనో, భూమి వివాదాస్పద భూముల జాబితా అయిన పార్ట్-బిలో పడిందనో తెలుసుకుని లబోదిబోమంటే, వినడానికి ఊళ్లో అధికారి లేడు. అధికారులు సివిల్ కోర్టుకు వెళ్లమన్నారు. కూలికి పోతే గాని పూట గడవని మనిషికి అది దారి చూపడం కాదు, దారి మూసెయ్యడం.

సాదా బైనామాల, అంటే రిజిస్ట్రేషన్ లేని తెల్లకాగితం కొనుగోళ్ల విషయమూ ఇంతే. కొత్త చట్టం ప్రకారం, 2014 జూన్ 2కు ముందు తెల్లకాగితం మీద భూమి కొని, 2020 అక్టోబరు 12 నుంచి నవంబరు 10 లోపు దరఖాస్తు పెట్టుకున్న చిన్న, సన్నకారు రైతులకే క్రమబద్ధీకరణ అవకాశం ఉంది. ఆ నెల రోజుల గడువు కూడా వలసలు మొదలయ్యే దసరా రోజుల్లోనే పడింది. దరఖాస్తు పెట్టుకున్నవారికైనా సాక్ష్యం ఆఫీసు ఫైళ్లలో దొరకదు; ఎవరు దున్నుతున్నారో, గెట్టు ఎక్కడుందో చెప్పగలిగేది చుట్టుపక్కల రైతులే. వాళ్లూ వలసలో ఉంటే విచారణాధికారి ఎవరిని అడగాలి?

2025 జూన్‌లో రెవెన్యూ సదస్సులు జరపడం మంచి పని, కాలమూ సరైనదే. కానీ దరఖాస్తు తీసుకోవడం ఒక ఎత్తు, పొలం మీదికి వచ్చి చూడటం ఒక ఎత్తు. ఆ రెండో పని కూడా వానకాలంలో, దసరా లోపే పూర్తి కావాలి.

రాష్ట్రంలో నక్షాలే (భూముల పటాలే) లేని గ్రామాలు 413 ఉన్నాయని ప్రభుత్వమే చెప్పింది. ప్రయోగాత్మకంగా రీసర్వేకు తీసుకున్న ఐదు గ్రామాల్లో మహబూబ్‌నగర్ జిల్లా గండీడ్ మండలంలోని సాలార్‌నగర్ ఒకటి. ఇలాంటి ఊళ్లలో పొలాల కొలతలు గీసిన పాత టిప్పన్ల ఆసరా కూడా ఉండదు కాబట్టి, సర్వేయర్ హద్దు పెట్టే రోజున రైతు అక్కడ ఉన్నాడా లేదా అన్నదాని మీదే గుంటలు అటూ ఇటూ అవుతాయి. రువాండా దేశం 2009 నుంచి 2013 వరకు కోటికి పైగా కమతాల హద్దులను, స్థానికంగా శిక్షణ పొందినవారితో, ఇరుగుపొరుగు రైతుల సమక్షంలోనే గుర్తించింది. అంత పేద దేశం చేయగలిగింది మనం చేయలేకపోవడానికి కారణం కనిపించదు.

2025 సెప్టెంబరులో నియమితులైన గ్రామ పాలన అధికారులు మొదట తమ ఊరి వలస కుటుంబాల జాబితా తయారుచేయాలి. సర్వే తేదీని నోటీసు బోర్డుకు అంటించి ఊరుకోకుండా, ఆ కుటుంబాలకు ఫోన్ చేసి చెప్పాలి. విరాసత్ (వారసత్వ) కేసుల్లో భర్త చనిపోయిన స్త్రీ పేరు, పెళ్లై వెళ్లిన కూతుళ్ల పేర్లు రికార్డు ముసాయిదాలో ఉన్నాయో లేవో గ్రామసభలో పైకి చదివి వినిపించాలి, ఎందుకంటే బోర్డు మీది కాగితం చదవలేనివారే వీరిలో ఎక్కువ. భూమికి గుర్తింపు సంఖ్య అయిన శాశ్వత భూధార్ నంబరు ఇచ్చే ముందు ఆ ముసాయిదాను కనీసం ఒక వానకాలమంతా పంచాయతీ ఆఫీసులో అందుబాటులో ఉంచాలి. అప్పీలు గడువును కూడా, వలసలో ఉన్న రైతు ఊరికి తిరిగొచ్చిన తర్వాతే లెక్కించేలా నిబంధనలను సవరించాలని రెవెన్యూ శాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రైతు,
మక్తల్, నారాయణపేట జిల్లా