అటక పని ఇకమీదట ఒక్క రోజులో చేయము

చెన్నైలో పాత ఇళ్ళ అటకలను ఖాళీ చేసి, అవసరమైతే విప్పి తీసివేసే మా చిన్న సంస్థను ఇంతకాలం ఆదరిస్తున్న వారందరికీ నమస్కారాలు. వచ్చే నెల నుంచి మా పని పద్ధతిలోను, రేట్లలోను మార్పు ఉంటుంది. "పొద్దున వచ్చి సాయంత్రానికి అటక లేకుండా చేస్తాము" అని ఇన్నాళ్ళు చెప్పుకున్న మాటను వెనక్కి తీసుకుంటున్నాము. ఆ మాట మాకు చాలా పనులు తెచ్చిపెట్టింది. దానిని నిలబెట్టుకోవడానికి మేము చేసినవాటిలో కొన్ని మాత్రం సమర్థించుకోదగినవి కావు.

నిరుడు వేసవిలో తిరువల్లిక్కేణిలోని ఒక ఇంట్లో మా వల్ల పొరపాటు జరిగింది. అది మద్రాస్ టెర్రస్ కప్పు ఉన్న ఇల్లు. ఇటువంటి కప్పులో టేకు దూలాల మీద పలుచని చిన్న ఇటుకలను ఐమూలగా, అంచు మీద నిలబెట్టి గానుగ సున్నంతో పేర్చి, వాటిపైన ఇటుక జల్లి కలిపిన సున్నం గచ్చు పరచి దిమ్మిసతో కొడతారు. ఇటుకలను ఒకదానితో ఒకటి పట్టి ఉంచేది సున్నమే. ఏళ్ళ తరబడి వాన నీరు ఇంకితే ఆ పట్టు సడలుతుంది, అయినా కింద నుంచి చూసేవారికి శుభ్రంగా వెల్ల వేసిన కప్పే కనిపిస్తుంది. ఆ ఇంట్లో అటక వాసాల కొసలు గోడలోకి జానెడు లోతున దిగి ఉన్నాయి. చీకటి పడుతున్నదని మా వాళ్ళు వాసాలను రంపంతో కోయకుండా గునపంతో పెకలించారు. ఆ అదురుకు కప్పులో నుంచి ఒక చాప వెడల్పున ఇటుకలు రాలాయి. అప్పుడు కింద ఎవరూ లేకపోవడం అదృష్టమే తప్ప మా జాగ్రత్త కాదు. మరమ్మతు ఖర్చు మేమే భరించాము. తొందరపెట్టినది నేను కనుక తప్పు కూడా నాదే, పనివారిది కాదు.

ఇకమీదట మొదటి రోజంతా ఖాళీ చేయడానికి, పరిశీలనకే కేటాయిస్తాము. ముందుగా మెయిన్ స్విచ్ ఆపి, టెస్టరుతో సరిచూసిన తరువాతనే పైకి ఎక్కుతాము. పాత ఇళ్ళలో చెక్క పట్టీల మధ్య నడిపిన వైర్ల రబ్బరు తొడుగు ఎండిపోయి, చేయి తగలగానే రాలిపోతుంది. దూలాల కొసలను స్క్రూడ్రైవరుతో పొడిచి చూస్తే చెద తిన్న చోటు తెలిసిపోతుంది, అటువంటి దూలానికి కింద ఇనుప జాకీలు నిలుపుతాము. రెండవ రోజు పలకలను పై నుంచి వరుసగా విప్పి, వాసాలను గోడకు సమంగా కోసి, లోపలి ముక్కను మెల్లగా తీసి, ఆ గూటిని అదే రోజు ఇటుకతో, సున్నంతో మూసివేస్తాము. సిమెంటుతో మూయమని చాలామంది అడుగుతారు. మెత్తని పాత ఇటుకకు సిమెంటు గట్టిదనం పొసగదు, గోడలోని తేమను కూడా అది బయటికి సులభంగా పోనివ్వదు. రాలిన పెళ్ళలను సంచులకెత్తి మేడ గదిలో గుట్టపోయడం కూడా మానుకున్నాము, ఎందుకంటే ఆ గది నేల కింద ఉన్నదీ మద్రాస్ టెర్రసే.

దుమ్ము విషయంలో మీ ఫిర్యాదులు న్యాయమైనవి. దేవుడి గది విగ్రహాల మీద సున్నపు పొడి పేరుకున్నదని ఒక పెద్దావిడ చెప్పినప్పుడు నాకు సిగ్గు వేసింది. ఎలుకల పెంటను, పావురాల రెట్టను పొడి చీపురుతో ఊడ్చితే ఆ పొడి నేరుగా ఊపిరితిత్తులలోకి పోయి జబ్బులు తెస్తుంది. అందుచేత బ్లీచింగ్ నీళ్ళు చల్లి, కొంతసేపు నాననిచ్చి, తడిగుడ్డతో ఎత్తుతాము. మామూలు వాక్యూమ్ క్లీనరు సన్నని దుమ్మును వెనుక నుంచి మళ్ళీ గదిలోకే ఊదుతుంది, కనుక ఆ సన్నని దుమ్మును లోపలే పట్టి ఉంచే హెపా ఫిల్టరు ఉన్న యంత్రం కొన్నాము. పనివారందరికీ ఎన్95 మాస్కులు తప్పనిసరి చేశాము. గుమ్మాలకు ప్లాస్టిక్ షీట్లు కట్టి, ఏసీలను ఆపించి, ఆ తరువాతనే మొదటి మేకు పీకుతాము.

ఆస్బెస్టాస్ రేకులు కనబడితే మాత్రం పని ఆపివేస్తాము. మన దేశంలో అవి నేటికీ దుకాణాలలో దొరుకుతున్నందున ప్రమాదం లేదని అనుకుంటారు. విరిచినప్పుడు లేచే సన్నని నారలు కొన్ని దశాబ్దాల తరువాత క్యాన్సరు తేగలవు. ఒకప్పుడు మేము కూడా వాటిని విరగగొట్టి రాళ్ళతోపాటు సంచులలో నింపిన మాట నిజం. ఇప్పుడు ప్రమాదకర వ్యర్థాలను తీసుకునే అనుమతి ఉన్నవారిని మీరు పిలిపించుకొని, ఆ పని ముగిసిన తరువాతనే మమ్మల్ని రమ్మనాలని కోరుతున్నాము.

మరొక సంగతి కూడా చెప్పుకోవాలి. మేము పంపిన శిథిలాలు ఎక్కడికి పోతున్నాయో చాలాకాలం నేను అడగలేదు. ఒకసారి లారీ వెంట వెళ్ళి చూస్తే, చిత్తడి నేలల రక్షణకు ఇచ్చే అంతర్జాతీయ రామ్సర్ గుర్తింపును 2022లో పొందిన పళ్ళికరణై చిత్తడి నేల అంచున కుమ్మరిస్తున్నారు. ఆ లారీని మానిపించాము. ఇప్పుడు ఇటుక, సున్నం పెళ్ళలు నగరపాలక సంస్థ వారి కొడుంగైయూర్, పెరుంగుడి కేంద్రాలకే వెళతాయి. టేకు కలప మీ సొత్తే, కావాలంటే మేము కొంటాము.

ఇక సామాను. గంగాళాలను, బొమ్మల కొలువు పెట్టెలను మీ ఎదుటనే దించి, విప్పి చూపిస్తాము. కాగితాల మూటలను మీరు చూడకుండా పారవేయము, తాళపత్రాలు కనబడితే తడిగుడ్డ కూడా తగలనివ్వము.

ఈ మార్పుల వలన పనికి రెండు మూడు రోజులు పడుతుంది, ఖర్చు దాదాపు మూడవ వంతు పెరుగుతుంది. మే నెలలో టెర్రస్ కింద వేడి భరించలేనిది కనుక ఉదయం 6 నుంచి 11 వరకే పని చేస్తాము. గోడలు తడిసి ఉండే అక్టోబరు, డిసెంబరు మధ్య కూల్చివేత పనులు తీసుకోము, ఖాళీ చేయడానికి మాత్రం వస్తాము. ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవారికి పాత రేటే వర్తిస్తుంది, కాని పని మాత్రం కొత్త పద్ధతిలోనే జరుగుతుంది. అన్ని రోజులు వీలుపడదనుకునేవారు తెలియజేస్తే అడ్వాన్సు పూర్తిగా తిరిగి ఇస్తాము.