మబ్బు కింద పొలాన్ని ఉపగ్రహం చూసినట్టేనా?

సంపాదకులు గారికి,

ఫసల్ బీమాలో 2023 ఖరీఫ్ నుంచి వచ్చిన యెస్‌టెక్ విధానంలో వరి దిగుబడి లెక్కకు ఉపగ్రహ సమాచారాన్ని కనీసం 30 శాతం పరిగణిస్తారు. కొన్ని మడుల్లో పంట కోసి దిగుబడి తూచే పంటకోత ప్రయోగాలు ఎలా జరుగుతాయో చూసినవాళ్లెవరూ దీన్ని కాదనరు. కానీ ఉపగ్రహానికీ చేనుకీ నడుమ ఉన్న గాలి సంగతి ఎవరూ ఎత్తడం లేదు.

పచ్చటి ఆకు ఎరుపు కాంతిని పీల్చుకుని, కంటికి కనిపించని పరారుణ కాంతిని ఎక్కువగా వెనక్కి పంపుతుంది. ఈ రెండింటి తేడాను వాటి మొత్తంతో భాగిస్తే ఎన్‌డీవీఐ అనే పచ్చదనం సూచిక వస్తుంది. ఎరుపు 5 శాతం, పరారుణం 45 శాతం తిరిగొస్తే సూచిక 0.80. పైన మంచు, పొగ, దుమ్ము ఉంటే అవి ఎరుపు కాంతిని ఆకును తాకకముందే కెమెరా వైపు చెదరగొడతాయి. గాలిలో తేమ పరారుణాన్ని కొంత మింగేస్తుంది. ఉదాహరణకు 5 కాస్తా 9, 45 కాస్తా 42 అయితే సూచిక 0.65కి పడిపోతుంది. చేలో ఒక్క ఆకు వాడిపోకుండానే పంట దెబ్బతిన్నట్టు లెక్క! మనకు భయం దీనికి తిరగబడిన లెక్కతోనే. తుఫానుకు ముందు తీసిన చిత్రం మసకగా ఉంటే, తర్వాత పంట నిజంగా పోయినా తేడా తక్కువే కనిపిస్తుంది.

దీనికి మందు లేకపోలేదు. యూరప్ ఉపగ్రహం సెంటినెల్-2లో నీటి ఆవిరిని, పల్చటి ఎత్తు మబ్బులను పట్టేందుకు విడివిడిగా బ్యాండ్లు (కాంతి పట్టీలు) ఉన్నాయి. ఇలా గాలి ప్రభావాన్ని తీసేసి సరిదిద్దిన డేటా ఉచితంగానే దొరుకుతుంది. దట్టమైన మబ్బుకు మాత్రం ఏ దిద్దుబాటూ పనిచేయదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు డెల్టాలో వరి కోతల మీదుంది. అలాంటి రోజుల్లో మబ్బును దాటి చూసే, ఇస్రో వారి ఈఓఎస్-04 లాంటి రాడార్ ఉపగ్రహాలే దిక్కు. అవి నిలిచిన నీటిని బాగా పట్టిస్తాయి. మిర్చి ఆకు ముడతను మాత్రం వాటినడిగి లాభం లేదు.

అందుకే అధికారులను కోరేది: చిత్రం తీసిన తేదీ, మబ్బు శాతం, డేటా సరిదిద్దిందో కాదో రైతు సేవా కేంద్రంలో అంటించండి. మబ్బు కప్పిన సర్వే నంబర్లకు ‘నష్టం లేదు’ అని కాక ‘కనిపించలేదు’ అని రాసి, అక్కడికి మనుషుల్ని పంపండి. వ్యవసాయ విశ్వవిద్యాలయం గుంటూరు దగ్గర లాంలోనే ఉంది కాబట్టి లెక్కలు సరిచూసే పని వాళ్లకు అప్పగించవచ్చు.

— ఒక రైతు, గుంటూరు జిల్లా