అయిదు రంగుల పూసల కిట్టులో ఇక నల్లపూస ఉండదు

ఏళ్ల తరబడి మా దగ్గర సండే స్కూలు సామగ్రి తెప్పించుకుంటున్న టీచర్లకు, పాస్టర్లకు, వేసవిలో వి.బి.ఎస్. (సెలవుల బైబిలు బడి) నడిపే యువజనులకు వందనాలు. అయిదు రంగుల పూసల కిట్టు నుంచి నల్లపూసను తీసివేశామని జనవరిలో పంపిన ధరల పట్టికలో ఒక్క వాక్యంలో తెలియజేశాము. ఈ పని మొదలుపెట్టిన తరువాత మరే విషయానికీ ఆ ఒక్క వాక్యానికి వచ్చినన్ని ఫోన్లు రాలేదు. కొందరు మెచ్చుకున్నారు, చాలామంది కారణం అడిగారు, ఒక పెద్ద సంఘం వారు మాత్రం "మీరు సువార్తను మార్చారు" అని రాసి ఈ వేసవికి ఇచ్చిన పూసల ఆర్డరు మొత్తాన్ని రద్దు చేసుకున్నారు. రద్దు చేసుకోవడం వారి హక్కు, దానిపై నాకు ఫిర్యాదు లేదు. కానీ ఆ మాట నన్ను చాలా బాధించింది. ఆ మాటకు జవాబు వారికి మాత్రమే చెప్పి ఊరుకోవడం సబబు కాదనిపించి, మీ అందరికీ వివరంగా రాస్తున్నాను.

కొత్తగా తరగతి తీసుకున్న టీచర్ల కోసం ముందు ఈ పాఠం గురించి క్లుప్తంగా చెబుతాను. నలుపు పాపానికి, ఎరుపు క్రీస్తు రక్తానికి, తెలుపు కడుగబడిన హృదయానికి, బంగారు రంగు పరలోకానికి, ఆకుపచ్చ విశ్వాసంలో ఎదుగుదలకు గుర్తు. పిల్లలు ఒక్కొక్క పూసను దారానికి ఎక్కిస్తూ రక్షణ కథను తమ మాటల్లో చెప్పడం నేర్చుకుంటారు. చేతికి కట్టుకుని ఇంటికి వెళ్లిన బిడ్డను అమ్మమ్మో మేనత్తో "ఇదేమిటమ్మా" అని అడిగితే ఆ బిడ్డ నోటి నుంచే సువార్త వస్తుంది. చిన్నపిల్లలకు ఇంతకంటే మంచి పాఠ్యోపకరణాన్ని నేను చూడలేదు, ఇప్పటికీ నా అభిప్రాయం అదే.

అయితే ఈ రంగుల వరుస బైబిలులో ఎక్కడా ఇలా రాసి లేదు. 1866 జనవరిలో ప్రసిద్ధ ఆంగ్ల బోధకుడు స్పర్జన్ గారు లండనులో 51వ కీర్తనలోని "హిమముకంటెను నేను తెల్లగా నుండునట్లు నీవు నన్ను కడుగుము" అనే మాట మీద ప్రసంగించినప్పుడు, అక్షరం ఒక్కటీ లేని మూడు రంగుల చిన్న పుస్తకం గురించి చెప్పారు. అందులో ఉన్నవి నలుపు, ఎరుపు, తెలుపు మాత్రమే. 1875లో అమెరికా సువార్తికుడు మూడీ గారు బంగారు పేజీని చేర్చారు. ఆకుపచ్చ ఆ తరువాతి కాలంలో వచ్చింది. పూసలుగా కట్టించడం, చేతికి వేయించడం ఇంకా తరువాతి వారి ఆలోచన. భక్తులైన మనుషులు పిల్లల మీద ప్రేమతో తయారు చేసుకున్న పనిముట్టు ఇది. రంగులు చేర్చినందువల్ల సువార్త మారలేదు కదా, ఒకటి తీసినందువల్ల ఎలా మారుతుంది?

వాక్యంలో ఉన్నదాన్ని మార్చే అలవాటు మాకు లేదని మా ఓడ కిట్టు కొన్నవారికి తెలుసు. నోవహు ఓడ పొడవు మూడు వందల మూరలు, వెడల్పు ఏబది మూరలు, ఎత్తు ముప్పది మూరలు అని ఆదికాండము ఆరవ అధ్యాయం చెబుతుంది కాబట్టి, మా అట్ట ఓడ పొడవు సరిగ్గా 30 సెంటీమీటర్లు, వెడల్పు 5, ఎత్తు 3 ఉంటుంది. లోపల మూడు అంతస్థులు, ప్రక్కన తలుపు ఉంటాయి. బొమ్మల పుస్తకాల్లో కనిపించే గుండ్రటి పడవలాగా, కప్పు మీద నుంచి జిరాఫీ తల బయటకు వచ్చేలాగా చేయమని ఎంతోమంది అడిగారు, అలా చేస్తే ఎక్కువ అమ్ముడుపోతుందని కూడా చెప్పారు. మేము చేయలేదు. వాక్యం కొలత ఇచ్చిన చోట ఒక్క సెంటీమీటరు కూడా సడలించని మా మీద సువార్తను మార్చారన్న నింద పడడం నేను మింగలేకపోతున్నాను.

ఇక నలుపు విషయానికి వస్తాను. వ్యాపారంతో పాటు నేను ఇప్పటికీ మా సంఘంలో ఆదివారం తరగతి చెబుతున్నాను. కిందటి సంవత్సరం పూసల పాఠం అయిపోయిన తరువాత పిల్లలు వరండాలో చేతులు పక్కపక్కన పెట్టి ఎవరి గొలుసు బాగుందో చూసుకుంటున్నారు. ఒక అబ్బాయి తన గొలుసులోని నల్లపూసను పక్కనున్న పాప మోచేతికి ఆనించి, "చూడండి, ఈమెది పాపం రంగు" అన్నాడు. వాడు చెడ్డపిల్లవాడు కాడు, ఆ పూట కంఠత వాక్యం తప్పు లేకుండా చెప్పినవాడు. మనం నేర్పినదాన్నే వాడు అన్వయించాడు. ఆ పాప ఏడవలేదు, వాడితో పోట్లాడలేదు. గొలుసును మణికట్టు చుట్టూ మెల్లగా తిప్పి, నల్లపూస అరచేతి వైపుకు వెళ్లేలా పెట్టుకుంది. ఆ తరువాత పాటలో అందరితో కలిసి చప్పట్లు కొట్టింది కానీ, ఆ చేతిని మాత్రం పైకి ఎత్తలేదు.

మన ఇళ్లలో బిడ్డ పుట్టగానే ఆడో మగో అడిగిన తరువాత రెండో ప్రశ్న రంగు గురించే ఉంటుంది. పెళ్లి సంబంధాల మాటల్లో "పిల్ల కాస్త రంగు తక్కువ" అనడం విశ్వాసుల ఇళ్లలో కూడా నేను విన్నాను. బయట రోజూ వినే ఆ మాటకు మన తరగతి గదిలో, దేవుని పేరు మీద ముద్ర వేసి పంపడం నాకు సమ్మతం కాదు. మరో ఊరి టీచరమ్మ ఫోనులో చెప్పిన సంగతి కూడా ఇక్కడ రాయాలి. వారి తరగతిలో ఒక పిల్ల "మా అమ్మ మెడలో నల్లపూసలు ఉన్నాయి, అవి పాపమా?" అని అడిగిందట. ఆమె ఏదో సర్దిచెప్పారు గానీ, ఆ పిల్ల ఇంటికి వెళ్లి తల్లి మెడలోని గొలుసును ఏ చూపుతో చూసిందో మనకు తెలియదు.

నల్లపూసను ఉంచి "చీకటి" అని చెప్పించండి అని పెద్దలు కొందరు సలహా ఇచ్చారు. దేవుడు వెలుగై యున్నాడు, ఆయనయందు చీకటి ఎంతమాత్రమును లేదు అన్నది సత్యమే. కానీ ఏడేళ్ల బిడ్డకు చీకటి అంటే దీపం ఆరిపోయిన గది. చేతికి కట్టిన పూస రంగే తప్ప చీకటి కాదు. గోధుమ రంగు పూస వేయమన్నారు, అది ఇంకొంతమంది పిల్లల ఒంటి రంగు. బూడిద రంగు వేసి చూస్తే మాసిపోయిన తెల్లపూసలా కనిపించింది. యెషయా మొదటి అధ్యాయంలో పాపానికి చెప్పిన రంగు అసలు నలుపు కానే కాదు, "మీ పాపములు రక్తమువలె ఎఱ్ఱనివైనను అవి హిమమువలె తెల్లబడును" అని ఉంది. అలాగని పాపానికీ ఎరుపే, రక్తానికీ ఎరుపే పెడితే పిల్లలు తికమకపడతారు. రాత్రిళ్లు ఈ పూసలను బల్ల మీద పరచుకుని కూర్చున్నప్పుడు, ఒక రంగు స్థానంలో మరో రంగు వెతకడమే సరైన దారి కాదేమోనని మెల్లగా తోచింది.

అందువల్ల కొత్త కిట్టులో పాపానికి పూస లేదు, ముడి ఉంది. పిల్లలు మొదట దారం మధ్యలో ఒక ముడి వేసి, రెండు కొసలూ లాగి గట్టిగా బిగిస్తారు. తరువాత దానిని ఒంటి చేత్తో విప్పమని టీచరు చెబుతారు. ఎంత ప్రయత్నించినా రాదు, కొందరు పళ్లతో కూడా లాగుతారు, అప్పుడు కూడా రాదు. ఆ తరువాత ఏం చేయాలన్న దగ్గర నేను చాలా కాలం ఆగిపోయాను. ఎర్రపూసకు రంధ్రం పెద్దది చేయించి, ముడి మీదుగా జరిపి, ముడిని దాని కింద దాచేస్తే చూడటానికి బాగుంటుంది, పని కూడా సులువు. నమూనాలు అలాగే చేయించాను కూడా. కానీ యోహాను మొదటి పత్రిక, యేసు రక్తము ప్రతి పాపమునుండి మనలను పవిత్రులనుగా చేయును అంటుంది. పాపాన్ని కప్పిపెట్టి ఉంచుతుందని చెప్పదు. పూస కింద ముడి అలాగే ఉందని ఏ తెలివైన పిల్లవాడైనా పూసను జరిపి చూపిస్తే టీచరు ఏం చెప్పాలి? అందుకని ముడిని దాచడం వద్దు, విప్పాలి అని నిర్ణయించాను. బిడ్డ విప్పుకోలేని ముడిని టీచరు రెండు చేతులతో విప్పి ఇస్తారు, ముడి ఉన్న చోట బిడ్డ ఎర్రపూసను ఎక్కిస్తుంది.

దీనికి నైలాన్ దారం, సాగే దారం పనికిరావు. మైనం పట్టించిన నూలు దారానికైతే, ముడి విప్పిన తరువాత కూడా అక్కడ చిన్న వంకర మిగులుతుంది. ఇంట్లో అడిగినవారికి బిడ్డ ఎర్రపూసను కాస్త జరిపి, ఆ వంకరను చూపించి, "ఇక్కడ ముడి ఉండేది, నేను విప్పలేకపోయాను" అని కథ మొదలుపెట్టవచ్చు. మా తరగతిలో చేయించినప్పుడు పిల్లలు ఈ భాగాన్నే ఎక్కువగా చెప్పుకున్నారు.

మిగిలిన నాలుగు పూసలు ఎప్పటిలాగే ఏటికొప్పాక పనితనమే. అంకుడు కర్రతో చేసి లక్క పట్టించినవి, పసుపు, జాఫ్రా గింజలు, నీలి మందు వంటి సహజమైన రంగులు వేసినవి. తెల్లపూసకు మాత్రం రంగు వేయించకుండా కర్రనే నున్నగా వదిలేయించాము, దాని సహజమైన లేత రంగే చాలు. దారం మారినందువల్ల కిట్టు ధర 25 రూపాయల నుంచి 28 రూపాయలు అయింది. మూడేళ్ల లోపు పిల్లలకు ఏ పూసల కిట్టూ ఇవ్వవద్దని మళ్లీ మనవి చేస్తున్నాను.

బడులకు వేసవి సెలవులు ఇచ్చేలోగా అందవలసిన ఆర్డర్లన్నీ అందుతాయి, అందులో సందేహం అక్కరలేదు. మీ దగ్గర మిగిలిన పాత పాఠం కార్డులను తిప్పి పంపితే అన్ని కొత్త కార్డులు ఉచితంగా ఇస్తాము, రెండువైపులా కొరియరు ఖర్చు మాదే. కొత్త కార్డు వెనుక ముడి వేసే పద్ధతి బొమ్మలతో ఉంది. పాత కిట్టుల్లోని నల్లపూసలను పారవేయకండి. కెరీతు వాగు దగ్గర ఏలీయాకు రొట్టె, మాంసం తెచ్చిన కాకోలముల (కాకి జాతి పక్షుల) పాఠానికి మా దగ్గర నల్ల కాగితంతో చేసే పక్షి ఉంది, ఆ పూసలు దాని కళ్లకు సరిగ్గా సరిపోతాయి. దేవుడు తన ప్రవక్తను పోషించడానికి ఎన్నుకున్న ఆ పక్షి నల్లనిదేనని పిల్లలకు తప్పక చెప్పండి.

పాత పద్ధతిలోనే పాఠం చెబుతాము, నల్లపూసలు విడిగా పంపండి అని అడిగినవారికి నా జవాబు ఒక్కటే: పంపము. అవి ఏ బజారులోనైనా దొరుకుతాయి, మీ తరగతిలో ఏం చెప్పాలో నిర్ణయించే అధికారం నాకు లేదు. మా కిట్టు నుంచి మాత్రం ఆ పూస ఏ బిడ్డ చేతికీ వెళ్లదు. దీనివల్ల ఈ వేసవి అమ్మకాలు తగ్గినా నా మాట మారదు.

పూసల ఆర్డరు రద్దు చేసుకున్న సంఘం వారు అదే ఉత్తరంలో ఓడ కిట్టులు పంపాలా వద్దా అన్నది రాయలేదు. వాటిని పాత ధరకే, వారు అడిగిన తేదీకే కట్టించి ఉంచాను. వద్దని ఫోను చేయకపోతే ఏప్రిల్ రెండో వారంలో బయలుదేరతాయి. పెట్టెలో ముడి పాఠం కార్డు ఒకటి, పూసల కిట్టు ఒకటి కూడా పెట్టాను, వాటికి బిల్లు వేయలేదు.