గ్యాస్ నింపడమే రిపేరా?

సంపాదకులకు,

నా పికప్‌లో ఏసీ చల్లదనం ఆగిపోయి మెకానిక్ దగ్గరికి వెళ్తే, బానెట్ కూడా సరిగ్గా చూడకుండానే 'గ్యాస్ అయిపోయింది సార్' అన్నాడు. నింపించాను. మూడు వారాలకు మళ్లీ వేడిగాలే! ఏసీ గ్యాస్ డీజిల్‌లా ఖర్చయ్యేది కాదు, మూసి ఉన్న పైపుల్లో తిరుగుతూనే ఉంటుంది, బాగా తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే కదా. రేడియేటర్ ముందుండే కండెన్సర్‌కు రాయి తగిలి ఉండొచ్చు, పైపుల అతుకుల దగ్గరుండే రబ్బరు 'ఓ-రింగ్' ఎండిపోయి ఉండొచ్చు. నైట్రోజన్ ప్రెషర్ పెట్టో, గ్యాస్‌లో రంగు కలిపి యూవీ లైటుతోనో వెతికితే దొరుకుతుంది. ఒక్కోసారి గ్యాస్ నిండుగానే ఉంటుంది, పోయింది ఫ్యూజో, రిలేనో, గ్యాస్‌ను నొక్కి తిప్పే కంప్రెసర్ క్లచ్చో. అదీ చూడరు.

కంప్రెసర్‌కు ఆయిల్ చేరేది ఈ గ్యాస్‌తో పాటే, అందుకే లీకు వదిలేసి నడిపితే చివరికి కంప్రెసరే పట్టేస్తుంది, అప్పుడు బిల్లు చూసి మనకు చెమటలు. పైగా చాలా బండ్లలో వాడే ఆర్-134ఏ వాయువు కార్బన్ డయాక్సైడ్ కన్నా వెయ్యి రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. లీకు ఎక్కడుందో చూపించి, అది సరిచేసి, పైపుల్లోని గాలి, తేమ లాగేసేలా వాక్యూమ్ పెట్టాకే గ్యాస్ నింపాలని, బిల్లుపై ఎన్ని గ్రాములు పట్టిందో రాయాలని నిబంధన పెట్టలేరా?

ఇట్లు,
ఒక పికప్ యజమాని